ఇల్లు కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా కాపాడుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోనూ కోస్తా ఊళ్లలోనూ ఫ్లాట్లు, ఇళ్లు కొనేవాళ్లు, ఇప్పటికే సొంతిల్లు ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబులు తిరిగి తిరిగి నీళ్ల దగ్గరికే వస్తాయి. మన వైపు ఇళ్లను ఎక్కువగా పాడుచేసేది నీరే. అది ఎటు నుంచి వస్తోందో, ఎటు పోతోందో కనిపెట్టగలిగితే చాలా ఖర్చు తప్పుతుంది.

ఇల్లు చూడడానికి ఎప్పుడు వెళ్లాలి?

వాన పడుతున్న రోజునో, పడిన మర్నాడో. ఎండాకాలంలో ఏ ఇల్లయినా బాగానే కనిపిస్తుంది. జూలై, ఆగస్టుల్లో గట్టి వాన పడ్డాక వెళ్లండి. సెల్లార్‌లో నీళ్లు నిలిచాయా, మోటారు పెట్టి తోడుతున్నారా, రోడ్డు మీది నీళ్లు గేటు దాటి వస్తున్నాయా, కిటికీల కింద గోడ తడిసిందా చూడండి. నెల్లూరు, ఒంగోలు వైపు అయితే అక్టోబరు, నవంబరు వానల్లో చూడాలి.

వాన రోజు కుదరకపోతే వాచ్‌మన్‌నీ, ఎదురింటివాళ్లనీ, వీధి చివర కిరాణా కొట్టాయననీ అడగండి. విజయవాడ సింగ్‌నగర్ వైపు కొంటుంటే 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఆ ఇంట్లో ఎంత ఎత్తున నిలిచిందో అడగాలి. హైదరాబాద్‌లో అయితే 2020 అక్టోబరు వానలకి ఆ వీధి ఏమైందో అడగాలి. ఇది బ్రోషర్‌లో ఉండదు, అక్కడ ఉన్నవాళ్లే చెప్పాలి.

కొత్త ఫ్లాటే కదా, అన్నీ పరీక్షించాలా?

కొత్తదే ఎక్కువ పరీక్షించాలి. పాత ఇంట్లో లోపాలు ఈపాటికి బయటపడి ఉంటాయి. కొత్తదాంట్లో ఇంకా ఎవరూ కుళాయి తిప్పి ఉండరు.

తాళాలు తీసుకునే రోజు ఒక్కపూటలో పని తెమిలిపోవాలని చూడకండి. పగటి వెలుతురులో వెళ్లండి. ఒక బకెట్, ఫోన్ చార్జర్, రూపాయి బిళ్ల, టార్చి, పెన్సిల్ చాలు. ప్రతి ప్లగ్గులోనూ చార్జర్ పెట్టి చూడండి. రూపాయి బిళ్లతో టైల్స్ మీద తట్టుకుంటూ వెళ్లండి. కింద సిమెంటు సరిగ్గా నిండనిచోట డొల్ల శబ్దం వస్తుంది. ఒకటి రెండు టైల్స్ మూల దగ్గర అలా మోగితే పెద్ద విషయం కాదు. వరసగా మోగితే మార్చమనాలి, లేకపోతే బీరువా పెట్టిన రోజున అవి పగులుతాయి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి నీళ్లు ఎంత వేగంగా దిగుతున్నాయో చూడండి. బాల్కనీలో బకెట్ నీళ్లు పోసి అవి గొట్టం వైపు పోతున్నాయో, హాలు వైపు వస్తున్నాయో చూడండి. బాల్కనీ వాలు తప్పుగా ఉండడం నేను చాలాసార్లు చూశాను, అది తర్వాత దిద్దాలంటే టైల్స్ మొత్తం పీకాల్సిందే.

బాత్రూమ్ లీకేజీ ముందే తెలుసుకునే మార్గం ఉందా?

ఉంది, ఖర్చు కూడా లేదు. ఓపిక కావాలి.

బాత్రూమ్ నేల మీద నీళ్లు పోయే నహానీ ట్రాప్‌ని పాత గుడ్డ, పాలిథిన్ కవరు కలిపి గట్టిగా మూసేయండి. గుమ్మం దగ్గర గట్టు లేకపోతే తడి మట్టితోనో సిమెంటుతోనో చిన్న గట్టు కట్టండి. రెండంగుళాల లోతు వచ్చేదాకా నీళ్లు నింపి, నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. 24 గంటలు, వీలైతే 48 గంటలు అలా వదిలేయండి. ఆ నీటిని ఎవరూ కదపకూడదు.

తర్వాత చూడాల్సింది మీ బాత్రూమ్‌లో కాదు. కింద ఫ్లాట్‌కి వెళ్లి వాళ్ల బాత్రూమ్ పైకప్పు చూడండి. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక తీయించి టార్చి వేయండి. గొట్టం స్లాబులోంచి దిగేచోట, దాని చుట్టూ ఉన్న సిమెంటు ముదురు రంగుకి తిరిగిందంటే ఆ సందు సరిగ్గా పూడ్చలేదన్నమాట. నూటికి తొంభై లీకేజీలు అక్కడే ఉంటాయని మేస్త్రులు అంటారు. లెక్క సంగతి ఎలా ఉన్నా నేను కూడా మొదట అక్కడే చూస్తాను. మీ బాత్రూమ్ గోడకి అవతల ఉన్న బెడ్‌రూమ్ గోడ అడుగుభాగం కూడా అరచేత్తో తడిమి చూడండి. గీత కన్నా నీరు కొద్దిగా తగ్గడం మామూలే, ఆవిరవుతుంది. కింద తడి కనిపించడమే అసలు రుజువు.

బిల్డర్ మనిషి "ఇవన్నీ మేం చేసేశాం సార్" అంటే మంచిదే, మీ ముందు ఇంకోసారి చేయమనండి.

పాత ఫ్లాట్ కొంటున్నాం. అమ్మేవాళ్లు ఏం దాచిపెట్టవచ్చు?

చాలామంది కావాలని దాచిపెట్టరు, అమ్మేముందు శుభ్రం చేస్తారంతే. కానీ ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే ఆగి చూడండి. గోడకి కొత్తగా వాల్‌పేపర్, పీవీసీ ప్యానెల్ వేసినా అంతే. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ చూడడానికి వెళ్లినప్పుడు బెడ్‌రూమ్‌లో వార్డ్‌రోబ్ కింది అర తెరిచాం. వెనక ప్లైవుడ్ వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. ఆ గోడకి అవతల బాత్రూమ్ షవర్. బయటి నుంచి ఆ గదిలో ఏ మచ్చా లేదు.

వార్డ్‌రోబ్‌లు, సింకు కింద అరలు, గీజరు చుట్టుపక్కల, చివరి అంతస్తు అయితే స్లాబు మూలలు తప్పకుండా తెరిచి చూడండి. అగరొత్తుల వాసన గుప్పుమంటున్నా కిటికీలు మూయించి ఒక పది నిమిషాలు కూర్చోండి. ముక్కవాసన ఉంటే తెలిసిపోతుంది. అసోసియేషన్ వాళ్ల దగ్గరికి కూడా వెళ్లండి. మెయింటెనెన్స్ బకాయిలు, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), ఆ ఫ్లాట్ మీద పక్కవాళ్ల ఫిర్యాదులు అక్కడే తెలుస్తాయి.

గోడలో పగులు వచ్చింది. భయపడాలా?

పగులు ఎక్కడుంది, ఎటు పోతోంది, పెరుగుతోందా అన్న మూడూ చూశాకే భయం సంగతి.

గోడ మీద సాలెగూడులా సన్నగా అల్లుకున్న పగుళ్లు ప్లాస్టరింగ్‌వి. నీళ్లు సరిగ్గా పెట్టకపోతే అలా వస్తాయి. పిల్లరుకీ గోడకీ మధ్య నిలువుగా, బీముకి కింద అడ్డంగా గీతలా వచ్చేవి రెండు వేర్వేరు పదార్థాలు కలిసేచోట వచ్చేవి. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు, ఏఏసీ బ్లాకుల (తేలికపాటి కాంక్రీటు దిమ్మెల) గోడల్లో ఇవి ఎక్కువ. ప్లాస్టరింగ్‌కి ముందు ఆ అతుకు మీద సన్న ఇనుప వల కొట్టి ఉంటే చాలావరకు రావు. వీటితో ఇల్లు కూలదు, కానీ బయటి గోడకి వస్తే వాన నీరు దారి చేసుకుంటుంది, అందుకని మూయించాలి.

ఆందోళన పడాల్సినవి వేరే ఉన్నాయి. తలుపు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లమెట్లుగా ఇటుకల మధ్య నుంచి పాకేవి, పైన వెడల్పుగా కింద సన్నగా ఉండేవి పునాది ఒకవైపు కుంగుతోందని చెబుతాయి. పిల్లరు మీద, బీము మీద వచ్చిన ఏ పగులునైనా స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించాల్సిందే, మేస్త్రి మాట చాలదు.

నల్లరేగడి నేలల్లో, అంటే గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ లాంటి చోట్ల, మట్టి వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. అక్కడ పగుళ్లు మే నెలలో తెరుచుకుని సెప్టెంబరుకి దాదాపు మూసుకుంటాయి. వానాకాలంలో పూడ్చి "సరిపోయింది" అనుకుంటే మళ్లీ వేసవికి తెరుచుకుంటుంది. ఇల్లు చుట్టూ మూడడుగుల వెడల్పున వాలుగా సిమెంటు గచ్చు వేసి, నీళ్లు పునాది దగ్గర ఇంకకుండా చూడడం అక్కడ మొదటి పని. గోడ పక్కనే పెద్ద చెట్టు, కారుతున్న కుళాయి రెండూ ప్రమాదమే.

పెరుగుతోందో లేదో తెలియాలంటే పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి. ఒక ఏడాది, అంటే అన్ని కాలాలూ తిరిగేదాకా చూడండి. గీత దాటితే ఇంజనీరుని పిలవండి.

స్లాబు నుంచి పెచ్చులు ఊడి కడ్డీలు కనిపిస్తున్నాయి. సిమెంటు పూస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈ ఒక్క విషయంలో మాత్రం దయచేసి వాయిదా వేయకండి. నిద్రపోతున్న పిల్లల మీద పెచ్చు పడిన ఇళ్లున్నాయి.

లోపల జరిగేది ఇదీ. నీళ్లు, గాలి కాంక్రీటులోకి దిగి కడ్డీని చేరతాయి. కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకని అది లోపల నుంచి కాంక్రీటుని కిందికి నెడుతుంది. మొదట కడ్డీ వెంబడి తిన్నటి గీత, తర్వాత గోధుమరంగు మరక, ఆ తర్వాత ఉబ్బు, చివరికి పెచ్చు. మీకు పెచ్చు కనిపించేసరికి ఇది ఏళ్ల తరబడి సాగుతోంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి వల్ల ఇంకా త్వరగా వస్తుంది. స్లాబు వేసేటప్పుడు కడ్డీ కింద కవర్ బ్లాకులు పెట్టకపోయినా అంతే. స్లాబుకి కనీసం 20 మిల్లీమీటర్లు, బీముకి 25, పిల్లరుకి 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కడ్డీని కప్పి ఉంచాలి.

ఊడినచోట మాత్రమే చూడకండి. కర్ర పట్టుకుని స్లాబంతా తట్టండి, డొల్లగా మోగేచోటల్లా సుద్దతో చుట్టండి. ఊడిన భాగం కన్నా చుట్టినది పెద్దదిగా ఉంటుంది. వదులుగా ఉన్న కాంక్రీటంతా, కడ్డీ వెనక భాగంతో సహా, కొట్టేయాలి. తుప్పు పూర్తిగా గీకాలి, తుప్పు నిరోధక పూత వేయాలి, పాత కాంక్రీటుకి కొత్తది పట్టుకునే బంధక పూత వేయాలి, ఆ తర్వాతే పాలిమర్ మోర్టార్ పెట్టాలి. కడ్డీ బాగా సన్నబడితే పక్కన కొత్త కడ్డీ వేయాలో లేదో ఇంజనీరు చెప్పాలి. వీటిలో ఏదీ చేయకుండా మామూలు సిమెంటు పూస్తే రెండు వానాకాలాలు తిరగకముందే మళ్లీ ఊడుతుంది, ఈసారి ఇంకా పెద్ద ముక్క. అన్నిటికన్నా ముందు పైనుంచి నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో చూసి దాన్ని ఆపండి.

గోడ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో ఎలా కనుక్కోవాలి?

నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు ఒకే వరసలో ఉండి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది నేల చెమ్మ. వాన పడిన ఒకటి రెండు రోజులకే వచ్చి ఎండకి తగ్గితే బయటి గోడ పగులు లేదా కిటికీ అంచు. ఎండావానా లేకుండా ఎప్పుడూ ఒకేలా ఉంటే కుళాయి పైపు. స్నానాలయ్యాక పెరిగితే డ్రైనేజీ గొట్టమో టైల్స్ అతుకులో.

పైపు అనుమానం ఉంటే ఆ బాత్రూమ్ వాల్వ్ మూడు నాలుగు రోజులు కట్టేయండి. మచ్చ ఆరడం మొదలైతే తేలిపోయింది. లోపలి నుంచి "డ్యాంప్‌ప్రూఫ్" రంగు కొట్టించడం నేను ఒప్పుకోను. నీటిదారి ఆగలేదు కాబట్టి అది పక్కన ఇంకో చోట బయటికొస్తుంది.

పై ఫ్లాట్ వాళ్ల బాత్రూమ్ మా ఇంట్లోకి కారుతోంది, వాళ్లు పట్టించుకోవడం లేదు. ఏం చేయాలి?

గొడవతో మొదలుపెట్టకండి. ఇద్దరి ముందూ రంగు నీళ్ల పరీక్ష చేయించండి. పైన నహానీలో రంగు కలిపిన నీళ్లు పోసి, కింద రంగు దిగితే వాదన ఉండదు. ఫొటోలు, తేదీలతో అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఖర్చు పైవాళ్లదే అయినా, పని జరిగే రోజుల్లో వాళ్లకి మీ బాత్రూమ్ వాడుకోనిస్తామని చెప్పండి. వాళ్లు వెనకాడేది ఎక్కువగా ఆ ఇబ్బందికే.

మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్ ఎన్నేళ్లకి చేయించాలి?

ఏళ్ల లెక్క కన్నా ఏటా మే నెలలో మిద్దె ఎక్కి చూడడం మేలు. నీళ్లు పోయే గొట్టాల మూతులు ఆకులు తీసి శుభ్రం చేయండి. స్లాబూ పిట్టగోడా కలిసే మూల చూడండి, అక్కడ పగులు వస్తే నీళ్లు లోపలికి జారతాయి. పాత పూజ సామాన్లు, పూలకుండీలు, విరిగిన మంచాలు ఒకేచోట ఏళ్ల తరబడి పెడితే వాటి కింద తడి ఆరదు. పిట్టగోడ సందులో రావి మొక్క మొలిస్తే పైకి కోసి వదిలేయకూడదు, వేరు తీయించాలి. రావి చెట్టు కొట్టడానికి మనసొప్పకపోతే చిన్నగా ఉన్నప్పుడే తీసి గుడి ఆవరణలో నాటండి.

వేడి తగ్గడానికి తెల్లటి కూల్ రూఫ్ పూత చాలామంది వేయిస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికి ఒక పాలసీ కూడా తెచ్చింది. ఇంట్లో వేడి నిజంగానే తగ్గుతుంది, వేయించండి. కానీ ప్రతి కూల్ పూతా వాటర్‌ప్రూఫింగ్ కాదు. పగుళ్లు పూడ్చాకే అది వేయాలి.

కరెంటు పనిలో ఏం చూడాలి?

ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్). మిగతావన్నీ వీటి తర్వాతే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ షాక్ తగిలిన క్షణంలో కరెంటు కట్ చేస్తుంది. బోర్డులో ఉండే మామూలు స్విచ్ ఎంసీబీ ఆ పని చేయదు, అది వైర్లు కాలకుండా మాత్రమే కాపాడుతుంది. ఆర్‌సీసీబీ మీద ఉన్న 'టి' (టెస్ట్) బటన్ నెలకోసారి నొక్కండి. కరెంటు పోకపోతే వెంటనే మార్పించండి. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూపించుకోండి, రెండు మూడు వోల్టులు దాటితే కారణం వెతకమనండి. ఇండిపెండెంట్ ఇల్లయితే వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి. గీజరున్న బాత్రూమ్‌లో ఎర్తింగ్ లేకపోతే ఆ గీజరు వాడకండి.

బోరు నీళ్లు బాగున్నాయో లేదో ఎలా?

టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కొలిచే మీటరు ఒక్కదాన్ని నమ్మకండి, ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. తాగే నీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే ఆధారం లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, గరిష్ఠంగా 1.5. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి, టీడీఎస్ మీటరులో అది కనిపించదు. నీళ్లు కఠినంగా ఉంటే గీజరు త్వరగా పాడవుతుంది. దాని లోపల ట్యాంకుని తుప్పు నుంచి కాపాడే యానోడ్ రాడ్డుని రెండేళ్లకోసారైనా తీయించి చూపించుకోండి.

చెదలు?

గోడ మీద, ద్వారబంధం పక్కన మట్టి గీత కనిపిస్తే చీపురుతో తుడిచేసి ఊరుకోకండి. అది చెదల దారి. పుట్ట నేలలో ఉంటుంది. నేలకీ గోడకీ మధ్య రంధ్రాలు వేసి మందు ఎక్కించాలి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు పునాది దశలోనే మందు వేయించుకుంటే ఖర్చు చాలా తక్కువ.

మా టవర్‌లో గోడలన్నీ కాంక్రీటువే అంటున్నారు. ఒక గోడ తీసేసి హాలు పెద్దది చేసుకోవచ్చా?

వద్దు. మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో గోడలూ స్లాబూ కలిపి కాంక్రీటు పోసి కట్టిన భవనాల్లో ఆ గోడలే బరువు మోస్తాయి, అక్కడ పిల్లర్లు వేరే ఉండవు. ఏసీ గొట్టానికి రంధ్రం వేయాలన్నా బిల్డర్ ఇచ్చిన డ్రాయింగ్ చూసి, కడ్డీ తెగకుండా, కోర్ కటింగ్ యంత్రంతోనే వేయించాలి. మీ ఇంటీరియర్ డిజైనర్ "ఏం కాదు" అంటే స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం తెమ్మనండి.

పత్రాల్లో ఏం చూడాలి?

లాయరు పని లాయరుకే ఇవ్వండి. మీ వంతుగా ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించండి. తెలంగాణలో 1983 నుంచి లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లింకు డాక్యుమెంట్ల గొలుసు ఎక్కడా తెగకూడదు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో, చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండితే నీరు నిలిచే హద్దులోనో) దాని చుట్టూ ఉండే బఫర్ జోన్‌లోనో పడుతుందేమో చూడండి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ విషయం అందరికీ తెలిసింది కానీ, నిబంధన కొత్తది కాదు.

శాంక్షన్ ప్లాన్ కాపీ చేత్తో పట్టుకుని ఇంట్లో నడవండి. ప్లాన్‌లో బాల్కనీ ఉన్నచోట గది ఉంటే, పార్కింగ్ ఉన్నచోట పోర్షన్ ఉంటే అది డీవియేషన్, అంటే అనుమతి దాటి కట్టినది. ఓసీ (నివాసానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఉందో లేదో తప్పక అడగండి. బ్యాంకు లోన్ ఇస్తోందంటే ఇల్లు గట్టిదని కాదు. వాళ్ల ఇంజనీరు వాళ్ల అప్పు తీరుతుందో లేదో చూసుకుంటాడు, మీ బాత్రూమ్‌లో నీళ్లు నింపి చూడడు.

తాళాలు తీసుకున్నాక లోపాలు బయటపడితే బిల్డర్ బాధ్యత ఉంటుందా?

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద రిజిస్టరైన ప్రాజెక్టు అయితే ఉంటుంది. 2016 నాటి రెరా చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, పొసెషన్ ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం మీరు చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడగవచ్చు. ఫోన్లో చెప్పి ఊరుకోకండి. తేదీ ఉన్న ఫొటోలతో ఈమెయిల్ పంపండి. ఐదో ఏడు పూర్తయ్యేలోపు ఒకసారి ఇల్లంతా మళ్లీ తనిఖీ చేయించి, కనిపించినవన్నీ ఒకే లేఖలో రాసి పంపండి. చాలామంది ఆరో ఏట గుర్తు తెచ్చుకుని బాధపడతారు.

మా అబ్బాయి అమెరికా నుంచి "హోమ్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఏది?" అంటున్నాడు. ఇక్కడ అలాంటివి ఉన్నాయా?

అక్కడ ఇల్లు కొనేముందు ఇన్‌స్పెక్షన్ మామూలు విషయం. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో ఇన్‌స్పెక్టర్లకి ప్రభుత్వ లైసెన్సు ఉంటుంది. మన దగ్గర అలాంటి లైసెన్సు పద్ధతి లేదు. పెద్ద నగరాల్లో తేమ మీటరు, థర్మల్ కెమెరాలతో చూసి రిపోర్టు ఇచ్చే సంస్థలు వచ్చాయి. డబ్బు కట్టేముందు పాత రిపోర్టు ఒకటి చూపించమనండి. వందల ఫొటోలున్నా "తలుపు మీద గీత" లాంటివే నిండి ఉంటే ఉపయోగం లేదు. బాత్రూమ్, మిద్దె, ఎర్తింగ్ గురించి ఏం రాశారో చూడండి. బిల్డర్ సిఫార్సు చేసిన మనిషి వద్దు. పాత భవనం బలం మీద అనుమానం ఉంటే కాంక్రీటుని పగలగొట్టకుండా దాని గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించాలి, ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో వీటిని చేస్తారు.

ఊళ్లో తాతల నాటి పెంకుటిల్లు ఉంది. సిమెంటుతో బాగుచేయించవచ్చా?

సున్నంతో కట్టిన గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించకండి. సున్నపు గోడ తడిని పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది, తడి లోపలే ఉండిపోయి గోడ గుల్లబారుతుంది. గోదావరి జిల్లాల్లో ఎన్నో మండువా లోగిళ్లు ఇలా బాగుచేయబోయి పాడయ్యాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సున్నం పని తెలిసిన మేస్త్రి కోసం నాలుగు ఊళ్లు తిరగాల్సి వచ్చినా తిరగండి. పగిలిన పెంకులు ఏటా వానలకి ముందు మార్పించి, మండువాలో నీళ్లు పోయే తూము పూడకుండా చూసుకుంటే దూలాలు చాలాకాలం నిలుస్తాయి.

సెప్టిక్ ట్యాంకు, సంపు ఎవరితో శుభ్రం చేయించాలి?

సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపకండి. ఎంత తక్కువకి చేస్తానన్నా, "నాకు అలవాటే సార్" అన్నా దింపకండి. లోపలి విషవాయువు ఒకటి రెండు శ్వాసల్లో ప్రాణం తీస్తుంది, కాపాడబోయి దిగినవాళ్లు కూడా పోతారు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ ఏర్పాట్లు లేకుండా అలా దింపడం నేరం. యంత్రం ఉన్న బండినే పిలవండి, 14420 నంబరుకి ఫోన్ చేయవచ్చు. నీళ్ల సంపు ఆరు నెలలకోసారి కడిగించండి. ముందు మూత తీసి గాలి ఆడనివ్వండి, పైన ఒక మనిషి నిలబడి ఉండాలి, లోపల డీజిల్ ఇంజను నడపకూడదు.

రంగులు ఎప్పుడు వేయించాలి?

దసరాకి వేయించడం మన అలవాటు, కానీ అప్పటికి గోడల్లో వాన తడి ఇంకా ఉంటుంది. కోస్తాలో తుపాన్లు కూడా అప్పుడే. సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరి, మార్చిల్లో గోడ బాగా ఆరి ఉంటుంది. ఉగాదికి కొత్త రంగుతో ఇల్లు సిద్ధమవుతుంది.

మెయింటెనెన్స్‌కి ఏటా ఎంత పక్కన పెట్టాలి?

ఆ ఇల్లు అద్దెకిస్తే వచ్చే ఒక నెల అద్దె ఏటా వేరే అకౌంట్‌లో వేయమని చెబుతాను. ఇల్లు పదిహేనేళ్లు దాటితే రెండు నెలలది. మొదటి కొన్నేళ్లు అది ఖర్చు కాదు, తీసి వేరే వాటికి వాడకండి. మిద్దె మీద పనో, పైపులు మార్చే పనో వచ్చినప్పుడు ఆ డబ్బు చేతిలో ఉంటే మేస్త్రి తక్కువ రకం మందుతో సర్దుతానంటే వద్దని చెప్పగలుగుతారు.